కళ్ళు ముందు తెరిచిన వీరభద్రుడు

ఆ రోజుల్లో, కాగితం మీద గళ్ళు గీసుకుని చేసే ఏ పనిలోనూ తప్పు దొర్లదని నాకు గట్టి నమ్మకం. సివిల్ డిప్లొమా అప్పుడే పూర్తయింది, ఆ నమ్మకం తప్ప చేతిలో వేరే ఆస్తి లేదు. గార్ల దగ్గర మేనమామ ఊళ్ళో, వీరభద్రస్వామి గుడి గోడ ముందు ఆ ఉదయం ఉన్నవి ఇవి: నేను, మామ, ఒక నిచ్చెన, ఆరు రంగు డబ్బాలు, మూడు బ్రష్షులు (ఒకదానికి వెంట్రుకలు రాలుతున్నాయి), నేను గళ్ళు గీసిన దక్షయజ్ఞం బొమ్మ. దక్షుడు అల్లుడైన శివుణ్ణి పిలవకుండా యజ్ఞం చేయడం, అవమానంతో సతీదేవి అగ్నిలో దూకడం, శివుడి జటలోంచి వీరభద్రుడు పుట్టి దక్షుడి తల నరకడం, అంతా ఆ ఒక్క గోడ మీద రావాలి. మూడు రోజుల్లో స్వామి కల్యాణం. "మా అల్లుడు గీస్తడు" అని మామ పెద్దమనుషుల ముందు మాటిచ్చేశాడు. నేను చెడగొడితే ఆయన ఆ ఊళ్ళో తలెత్తుకోలేడు.

నా పద్ధతి సులువు. పై వరుసలో మొదలుపెట్టి, ఒక గడికి రంగులు పూర్తిగా వేశాకే పక్క గడికి పోవాలి. మధ్యాహ్నానికి సున్నపు గోడ మీద వీరభద్రుడి మూడు ఎర్రటి కళ్ళు, నల్లటి గుడ్లతో సహా, సిద్ధం. వాటి కింద సగం మీసం. ఆ కింద ఏమీ లేదు.

నీళ్ళ బిందెతో వచ్చిన పూజారి అయ్యగారు అక్కడే ఆగిపోయారు. "కండ్లు ముందుగాల ఎవరు పెట్టమన్నరు?"

పై గళ్ళలో అవే వచ్చాయని చెప్పాను. కళ్ళు అన్నిటికన్నా చివర పెట్టాలట, పెట్టిన క్షణం నుంచి అది బొమ్మ కాదు, స్వామేనట. అయితే ఇప్పటికి సున్నం వేసి కప్పేస్తానన్నాను.

"స్వామి కండ్లల్ల సున్నం కొడ్తవా, నాయినా?" అన్నారాయన మెల్లగా.

కబురు వాడంతా పాకింది. గుడికి ఎదురింటి అవ్వ ముందు తలుపు మూసేసి, వెనక గోడ దాటి వచ్చింది (ఆమెకు డెబ్బై దాటాయి). "కోపంల ఉన్న దేవుడు. కడుపు లేదు, చేతుల్లేవు. మా ఇంటి దిక్కే చూస్తుండు. బువ్వ ఎట్ల తింటడు బిడ్డా?" అని నన్నే అడిగింది. నేను కాగితం విప్పి పొట్ట ఏ గళ్ళలో ఉందో వెతికాను.

అయ్యగారు తీర్పు చెప్పారు. "దీపం పెట్టే యాళ్లకు కాళ్లు చేతులతోటి పెయ్యంత రావాలె. లేకుంటే కల్యాణం ఆపుడే."

మామ నిచ్చెన పట్టుకుని నిలబడి, నేను దిగినప్పుడల్లా "ఇంకెంత, అల్లుడా?" అని మాత్రం అడిగాడు. నేను గళ్ళ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అవ్వ మాట మీద ముందు పొట్ట వేశాను. తరువాత కాళ్ళు, భుజాలు, కత్తి. పొద్దు వాలుతుంటే చేతులు మొదలుపెట్టాను. చెమట కళ్ళలోకి కారుతోంది, ఏ భుజం నుంచి ఏ చెయ్యి మొలుస్తోందో చూసుకునే తీరిక లేదు. దక్షుడు కాగితం మీద గీతల్లోనే ఉండిపోయాడు, ఆయనకు రేపటిదాకా గడువుంది.

అయ్యగారు దీపం ఎత్తి, పై నుంచి కింది వరకు చూసి, కొబ్బరికాయ కొట్టారు. అవ్వ ముందు తలుపు తెరిచి బెల్లపన్నం తెచ్చిపెట్టింది. మామ నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చుని, పొద్దున్నుంచి తాగని నీళ్ళు ఒక్క గుక్కలో తాగాడు.

ఇప్పుడు జనగామలో ఇతరులు గీసిన ప్లాన్లలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. మొన్న ఆ ఊరు పోయినప్పుడు గోడ ముందు కాసేపు నిలబడ్డాను. రంగు వెలిసింది. నిచ్చెన మీద చెమటోడ్చిన ఆనాటి కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది, వాడి భుజం మీద చెయ్యి వేయాలనీ అనిపించింది. ఎవరో కొత్తగా పసుపు కుంకుమ పెట్టారు. ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అనలేదు. నా గళ్ళ కాగితం ప్రకారం స్వామికి పది చేతులుండాలి. రెండుసార్లు లెక్కపెట్టాను. తొమ్మిది.