మేకపోతు మెడలో ముడి

మొన్న ఆదివారం హసన్‌పర్తిలో మా ఇంట్లో, ఇంటర్ చదివే నా కూతురు లావుపాటి ఇంగ్లీషు నవల చదువుతూ చదువుతూ దాన్ని మంచం మీదికి విసిరికొట్టింది. "ఎంత మోసం అమ్మా! దారం ఇచ్చి వాణ్ని బతికించింది ఆమె. ఆమెనే దీవిల నిద్రలో ఇడిసిపెట్టి ఓడెక్కి పోయిండు!" గ్రీకుల పాత కథేనట. ఎద్దుతల రాక్షసుడుండే చిక్కుదోవల్లోకి వెళ్లే వీరుడికి రాకుమారి దారపుండ ఇస్తుంది. దాన్ని పట్టుకునే వాడు బయటపడతాడు. ఇప్పటి నవలల్లో మాత్రం ఆ పిల్ల ఏడుస్తూ కూర్చోదట, కత్తి పట్టి వాడి ఓడ వెంటపడుతుందట. "మంచిగైంది, తన్నాలె వాణ్ని" అన్నాను. నా కసి చూసి నా కూతురు నవ్వింది. తొర్రూరు నుంచి వచ్చి, పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న మా పెద్దమ్మ కూతురు మాత్రం తల ఎత్తలేదు.

మా అమ్మమ్మ వరంగల్‌లో జంపఖానాలు నేసేది. మేడారం జాతరకు పోయేటప్పుడు మగ్గం దగ్గర మిగిలిన నూలు పేని, పిల్లలు జనంలో తప్పిపోకుండా ఇద్దరిద్దరినీ చేతులకు కలిపి కట్టేది. ఒకసారి ఎర్రదారం ఒక కొస నాకు, ఇంకో కొస ఈ అక్కకు. "నువ్వు జర తెలివిగల్లదానివి బిడ్డా, అక్కను నీ మీదనే ఇడుస్తున్న" అంది నాతో. ఎంత పొంగిపోయానో! వాగులో మునిగేటప్పుడు కూడా ఆ చెయ్యి పైకే పెట్టాను.

బెల్లం దుకాణాల దగ్గర ఒకటే తోపులాట. దారం లాగితే బిగువుగానే ఉంది, అక్క ఉందనుకున్నాను. ఎంతకీ రాకపోతే దారం వెంట పోయి చూద్దును కదా, గుంజకు కట్టేసిన మేకపోతు మెడలో ముడి! గ్రీకువాళ్లకు ఎద్దుతల, నాకు మేకతల. అందరూ వెతగ్గా వెతగ్గా అక్క రంగులరాట్నం దగ్గర దొరికింది. ఎవరూ అడగకముందే ఏడుపందుకుని, "చెల్లెనే ఇప్పేసింది అమ్మమ్మా!" అంది. నేను మేక సంగతి చెబితే అందరూ పడీపడీ నవ్వారు. అమ్మమ్మ నా చేతి దారం పళ్లతో కొరికి తీసేసింది. ఆ తర్వాత ఏ జాతరకు పోయినా చిన్నపిల్లలను అక్కకు అప్పగించి, నన్ను తన కొంగుకే కట్టుకునేది.

ఇదంతా నా కూతురికి చెబుతుంటే అక్క పకపకా నవ్వింది. "అవ్, మేకకు కట్టింది నేనే. ఇంకా మనసుల పెట్టుకున్నవా, పిచ్చిదానా?"

"అమ్మమ్మ ఉన్నప్పుడు ఎందుకు చెప్పలే అక్కా?"

"చెప్తే వీపు పలగ్గొడ్తుండె" అంటూ ఈనెలు చాటలోకి విదిలించింది. అంతే. ఆమెకు అది అంత చిన్న సంగతి.

చివరిరోజుల్లో దవాఖానలో అమ్మమ్మ ఇంటి తాళాలు అక్క చేతిలో పెట్టింది. నా చెయ్యి నిమిరి, "జర పైలం బిడ్డా, ఎవల చెయ్యి ఇడువకు" అంది. నేను విడవలేదే అని అప్పుడూ అనలేకపోయాను.

ఆ రాకుమారి పక్షం పట్టేవాళ్లు వేల ఏళ్ల తర్వాతైనా దొరికారు. నన్ను నమ్మవలసింది ఒక్క మనిషి. కాలం ఆమెను ముందు తీసుకుపోయి, నిజాన్ని తర్వాత పంపింది.