నా చెవులకు పెట్టిన పరీక్ష

బెజవాడ మొత్తం మీద నా అంత చెవి ఉన్నవాడు లేడని ఇంట్లో రోజూ చెప్పుకునేవాణ్ణి. క్యాసెట్లో పాట తేనె, ఫోన్లో పాట చక్కెర నీళ్ళు అనేవాణ్ణి. మొన్న మా కోడలు నా టేప్ రికార్డరు దుమ్ము దులుపుతూ నన్ను పట్టుకుంది.

"మావయ్యగారూ, ఒకే పాట రెండింట్లోనూ పెడతాను. ఏది క్యాసెట్టో కళ్ళు మూసుకుని చెప్పండి. చెప్పలేకపోతే ఇది ఆటోనగర్ పాత సామాన్ల కొట్టుకే!"

"కానీయమ్మా, రెండు క్షణాలు చాలు నాకు!"

రెండింటినీ ఒకే స్పీకరుకు కలిపింది. మొదట ఒకదాంట్లో పాట మొదలైంది. రెండు క్షణాలు కాదు, పల్లవే అయిపోయింది. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

"ఏవండీ, నిద్రపోయారా?" అంది మా ఆవిడ.

రెండో చరణంలో ఒక్కసారిగా లేచి నిలబడి, "ఇదే క్యాసెట్టు!" అని అరిచాను. కోడలు నోరెళ్ళబెట్టింది. నా టేప్ రికార్డరు బతికిపోయింది!

నిజం చెప్పేస్తాను. నా చెవికి తేనె, చక్కెర నీళ్ళు రెండూ ఒకటే. ఎప్పుడో ఆ టేపు తెగితే మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో అతికించాను. అప్పటినుంచి అక్కడ గాయకుడు సగం మాట మింగేస్తాడు. ఆ మింగుడు కోసమే కాచుకుని కూర్చున్నాను.

"పాలిష్ నాదే కదండీ, నాకు తెలీదూ?" అని ఆవిడ తర్వాత గుసగుసలాడింది. కోడలికి మాత్రం చెప్పలేదు.

ఇంకొకటీ ఒప్పుకుంటాను. కాలవ గట్టు మీద పొద్దుటి నడకలో నేను వినేది ఫోన్లోనే. ఆ చరణంలో మాట పూర్తిగా వినిపించగానే, గాయకుడు తప్పు పాడాడని తిట్టుకుంటాను!