పాత లారీకి పెద్ద ఇంజను

మొన్న జగిత్యాలలో కంటి డాక్టరుకు చూపించుకుని వస్తుంటే, బైపాసు పక్కన షెడ్డులో ఒక పాత లారీ ముందు భాగం విప్పి, ఏ సైజు ఇంజను ఎక్కించాలా అని ఇద్దరు వాదించుకుంటున్నారు. ఆటోలోంచి కాసేపే చూశాను గాని, ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సిరిసిల్లలో సాంచాల చప్పుడు లేని వీధి ఉండేది కాదు. ఆ మరమగ్గాల మధ్య నిలబడి నిలబడి విసిగిపోయిన మా బాపు, ఇక వాటి మొహం చూడనని ఉన్న రెండూ అమ్మేసి ఒక పాత లారీ కొన్నాడు. అందులో మోసేది బట్టల బేళ్లే, చూడటానికే ఎత్తు, అంత బరువుండవు, దానిలో ఉన్న చిన్న ఇంజనే చాలేది. సాంచాల దగ్గర అరిచి అరిచి ఇంట్లోనూ అరిచే మాట్లాడే బాపు, లారీ వచ్చాక గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకున్నాడు. మా అమ్మకు అదే పెద్ద పండగ.

ఆ ఇంజను అరిగిపోయి మార్చాల్సి వచ్చినప్పుడు, కోరుట్లలో వడ్ల వ్యాపారం చేసే మా మేనమామ, అంటే అమ్మ పెద్దన్న, పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు.

“పెద్ద ఇంజన్ ఎక్కియ్యి బావా. నా వడ్లన్నీ నీ బండికే ఏస్త.”

“బండి పాతది బావా. గంత ఇంజన్ పెట్టి వడ్లు మోస్తే దాని బొక్కలు ఇరుగుతయి. బట్టలకు చిన్నదే సాలు.”

“గట్లయితే నా చెల్లెను పస్తులుంచు.”

వాకిట్లో నలుగురి ముందు అన్న మాట అది. అమ్మ తల దించుకుంది, బాపు పెద్ద ఇంజనుకు ఒప్పుకున్నాడు.

రాయికల్ నుంచి మిల్లుకు వడ్లు మోసిన మొదటి సీజనులోనే గేరుబాక్సు పోయింది, బాగు చేయిస్తే వెనక ఇరుసు విరిగింది. తాగే డీజిలుకు తగ్గట్టు కిరాయి అడిగితే బట్టల సేట్లు వేరే బండ్లు చూసుకున్నారు. అప్పుడు మామ, కొంచెం కూడా సిగ్గుపడకుండా, “నీ బండి తొవ్వల ఆగుతది బావా, మిల్లుల నా మాట పోతది” అని తన వడ్లు ఇంకొకరి లారీకి వేశాడు. మామ పోయి చాలా కాలమైంది, నా కోపం మాత్రం పోలేదు.

లారీ పాత ఇనుము కింద పోయింది. బాపు వేరే వాళ్ల సాంచాల మీద కూలికి నిలబడ్డాడు. మళ్లీ ఆ రొదలోకి ఎట్ల పోతున్నావని ఒకసారి అడిగితే, “గీడ ఉంటె రోడ్డు మీద లారీలు ఇనబడయి బిడ్డా, గదే మంచిగుంది” అన్నాడు. ఆ మాట కూడా అరిచే అన్నాడు.

ఇప్పుడు మా వీధిలో సాంచాలు చాలావరకు ఆగిపోయాయి. రోడ్డు మీద పోయే ప్రతి లారీ ఇంట్లోకి స్పష్టంగా వినిపిస్తుంది. బాపు లేడు గనుక సరిపోయింది.