రాజమ్మ టీచర్ పెట్టిన ఇంటు

ఈ పొద్దున పాదు నుంచి దొండకాయలు కోస్తుంటే ఆకులు వేళ్ల కింద నలిగాయి. ఆ పచ్చి వాసనకు పలక గుర్తొచ్చింది, పలకతోపాటు రాజమ్మ టీచర్. దొండాకుతో పలక తుడవడం నాకు నేర్పింది ఆవిడే. అప్పటికి నాకు నలభై ఏళ్లు.

ఎనభైల నాటి మాట. చంద్రగిరిలో ఆవిడ ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చేదాన్ని. ఆవిడ బడి నుంచి రిటైరయ్యారు గానీ పాఠం చెప్పే అలవాటు పోలేదు. ఒకరోజు తిరుపతి బస్సనుకుని చిత్తూరు బస్సెక్కి, పూతలపట్టు దాకా పోయొచ్చాను. అది విని నవ్వి నవ్వి, ఆ సాయంత్రమే నా చేతిలో పలక పెట్టారు.

“బలపాన్ని చీపురు మాదిరి పట్టుకుంటే ఎట్లమ్మే? అదేమన్నా పారిపోతాదా?” అనేవారు. తప్పు చదివితే సుద్దముక్కతో పెద్ద ఇంటు కొట్టేవారు. వారానికొక రైటు దొరికితే గొప్ప.

నేను ఒత్తుల దాకా వచ్చేసరికి ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట, రెండూ పోయాయి. అయినా నేను రోజూ మంచం పక్కన కూర్చుని చదివేదాన్ని. నేను నోరు తెరిస్తే చాలు, ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చేవారు. ఆవిడ కొడుకు చూడలేకపోయాడు.

“మునెమ్మక్కా, నువ్వు చదివితే అమ్మ ఏడస్తా ఉండాది. తన చదువు పోయిందని బాధేమో. ఇంక పలక తేవద్దు.”

ఆ పలక ఆగితే నా చదువు అక్కడితో సరి. ఆవిడకైతే మిగిలిన విద్యార్థిని నేనొక్కదాన్నే.

ఆ వారంలోనే ఆవిడను పట్టుకుని నేనూ తిరుపతి ఆసుపత్రికి వెళ్లాను. ఏడుపు సంగతి కొడుకు చెబితే డాక్టరు అడ్డంగా తల ఊపాడు.

“నవ్వయినా ఏడుపయినా పుట్టేది మెదడులోనేనప్పా. దాన్ని అదుపు చేసే చోటే దెబ్బ తినింది. లోపల సంతోషం పుట్టినా బయటికి ఏడుపై రావచ్చు. కన్నీళ్లు చూసి దుఃఖమనుకోవద్దు.”

“మరి లోపల ఏముండాదో మాకెట్ల తెలిసేది సార్? అవునన్నా కాదన్నా తల ఒకే మాదిరి ఊపతాది.”

“ఆమెకు బాగా అలవాటైన పని ఏదన్నా ఇచ్చి చూడండి.”

దోవ పొడుగునా ఆ మాటే ఆలోచించాను. మర్నాడు కొడుకు ఎదురుగానే పలక తీశాను. అతను ముఖం ముడిచాడు గానీ ఆపలేదు. ‘మా ఊరి కొండ మీద కోట ఉంది’ అని పుస్తకం చూసి దాని మీద రాసుకున్న వాక్యం. సుద్దముక్కను ఆవిడ ఎడమ చేతిలో పెట్టి చదివాను. భయంతో ‘కొండ మీద’ మింగేశాను. ఆవిడ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆ చెయ్యి మాత్రం లేచి, పలక మీద పెద్ద ఇంటు కొట్టింది.

కొడుకు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. నేను కూడబలుక్కుని మళ్లీ చదివాను, ఈసారి పూర్తిగా. ఆవిడ ఇంకా గట్టిగా ఏడ్చారు. ఏడుస్తూనే ఇంటు పక్కన వంకర రైటు గీశారు.

“ఏడస్తా ఉన్నా కూడా నిన్ను వదల్లేదు కదక్కా అమ్మ,” అన్నాడతను. నవ్వుతున్నాడు, అతని కళ్లలోనూ నీళ్లే. “రేపు కొత్త సుద్దముక్కలు తెస్తాలే.”

ఆవిడ బతికున్న రెండేళ్లూ అలాగే చదివాను. నా మొదటి కార్డు ముక్క నేనే రాసి నేనే పోస్టు డబ్బాలో వేశాను. బస్సు బోర్డు ఏదైనా నాకిప్పుడు లెక్కలేదు. ఎవరైనా ఏడుస్తుంటే మాత్రం వెంటనే ఓదార్చను. పక్కన కూర్చుని, లోపల ఏముందో ముందు అడుగుతాను.

ఇది రాసి ముగించేసరికి నా కళ్లూ తడిశాయి. మొదటి నుంచి ఒకసారి చదువుకున్నాను, ఒక్క మాటా మింగకుండా. కాగితం కింద మూలన ఒక రైటు గీసుకున్నాను.