మామ వీపు మీది పటం

ఏడవలేదని కాదు, ఏడ్చాను. కానీ మా అయ్యవారి గురించి చెప్పబోతే సంతోషమే ముందు తోసుకొస్తోంది, ఏం చేయను? పోయిన ఆదివారం పొద్దున, చర్చిలో గంట కొడుతుండగా ఆయన పోయారు. కమలాపురంలో మర్దన నేర్పిన అయ్యవారు. గుంట మగ్గాల్లో కూర్చుని నడుములు పట్టేసిన వాళ్లంతా ఆయన సమాధి దాకా నిటారుగా నడిచి వచ్చారు.

నేను రెండో తరగతితో బడి మానేసినవాణ్ని. కొత్తవాళ్ల ముందు మాట పెగలదు. ఆయన దగ్గర చేరిన రోజు నా పేరు కూడా చెప్పలేకపోతే, "పోనీలేప్పా, ఈడ చేతులు మాట్లాడితే చాలు" అని నవ్వారు. ఎవరి వీపు మీదైనా చేయి వేసే ముందు ఆ చేతిని తన బుగ్గకు ఆనించి చూసుకునేవారు. చల్లగా ఉంటే వేడినీళ్లలో ముంచేవారు. "సల్లని చేయి పడితే కండ బెదురుతాదిరా. బెదిరినదాన్ని పిసికితే ఏమొస్తాది?"

మొన్నటి వేసవిలో మేం మర్దన నేర్చుకునే పాక మూతపడబోయింది. మర్దన నేర్పే చోటుకు సర్కారు అనుమతి ఉండాలన్నారు. గాలి, వెలుతురు వచ్చే గది, వేడినీళ్లు, అనుభవమున్న మనిషి, అన్నీ మాకున్నాయి. గోడకు కండరాల పటం ఒక్కటే లేదు. యుద్ధం రోజులు. కడపంతా వెతికినా, మద్రాసుకు రాసినా దొరకలేదు. పటం లేకపోతే అనుమతి లేదు, అనుమతి లేకపోతే తలుపుకు తాళం.

"పటమెందుకు, కండలు యాడాడ ఉంటాయో నా వీపు మీదే చూపిద్దాం" అన్నాడు మా మేనమామ. ఆయన నేతగాడు. కండ పోయే దారి వెంట రంగు నూలు కట్టాలని ఉపాయం. బాగానే ఉంది. కానీ ఇన్‌స్పెక్టరు వచ్చే పొద్దున, ఆ హడావిడిలో, రంగు తొట్టిలోంచి అప్పుడే తీసిన తడి నూలు తెచ్చేశాడు. అదే మెడ నుంచి నడుము దాకా ఎర్రది, నల్లది కట్టేశాం.

ఇన్‌స్పెక్టరు గారు మామ చుట్టూ తిరిగి చూశారు. "ఏమిటయ్యా, ఈయన్ని పెళ్లికి తయారు చేశారా? విప్పండి."

విప్పాం. నూలు ఊడింది, రంగు ఊడలేదు! చెమటకు దిగి వీపంతా గీతలే. మామ చేయి ఎత్తితే గీతలు కూడా కదిలాయి.

"మళ్లీ ఎత్తు" అన్నారు ఇన్‌స్పెక్టరు, వీపుకు దగ్గరగా వంగి. "బాగుంది. కానీ పటం గోడకు తగిలించి ఉండాలి. రూలు."

"ఈయప్పను తగిలిస్తే మగ్గం ఎవరు నేస్తారు సామీ?" అన్నారు అయ్యవారు.

అందరూ నవ్వారు. అయ్యవారు లోపలికి వెళ్లి, క్రిస్మస్‌కు కొని కట్టకుండా దాచుకున్న తెల్ల పంచె పట్టుకొచ్చారు.

"అయ్యో, అది కొత్తది గదా!" అంది ఆయన భార్య. మేమంతా ఆమెను అమ్మ అంటాం.

"కొత్తదైతేనే గదా తెల్లగుంటాది" అంటూ దాన్ని తడిపి, పిండి, మామ వీపు మీద పరిచారు. అరచేతులతో మెల్లగా ఒత్తుకుంటూ వచ్చారు, రోజూ ఒత్తినట్టే.

"అయ్యవారూ, చక్కిలిగింతలు పెడతాండారు!" అని మామ మెలికలు తిరిగాడు.

"కదలాకప్పా. కదిలితే నీకు మూడో భుజం వస్తాది."

పంచె ఎత్తితే దాని మీద వీపు! మొత్తం వీపు! నేను గట్టిగా అరిచేశాను. తగిలించబోతుంటే అయ్యవారు ఆపారు. "తిప్పరా, ఎడమ కుడి తారుమారైతాది." రంగు అవతలి వైపుకూ దిగింది, తిప్పి తగిలించాం. ఇన్‌స్పెక్టరు గోడ మీది పంచెను చూశారు, మామను చూశారు, సంతకం పెట్టారు.

అనుమతి కాగితం వచ్చేసరికి అయ్యవారు మంచం పట్టారు. చదివించుకుని, "ఇంక ఆడోళ్లకూ నేర్పొచ్చు. వాళ్ల నడుములేమన్నా ఇనుమా?" అన్నారు. ఆ కాగితంలో నేర్పేవాళ్ల కింద అమ్మ పేరు కూడా ఉంది. ఆయన దగ్గర ఆమె నేర్చుకున్నంత మేమెవరం నేర్చుకోలేదు.

ఈ పొద్దున పాక తలుపు అమ్మే తీసింది. మగ్గాల వీధి నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు, సిగ్గుపడుతూ, ఒకరినొకరు ముందుకు తోసుకుంటూ. నేర్చుకోవడం ఇద్దరిద్దరు జతగా. ఇద్దరు జత కట్టి, ఒకరి వీపు మీద ఒకరు మొదలుపెట్టేశారు. మూడో ఆమె జత దొరక్క, గాజులు పైకి తోసుకుని, చేతులు రెండూ ముందుకు చాపి, ఇంకా అలాగే నిలబడి ఉంది. మీ ఇంట్లో నడుము నొప్పి ఉన్న ఆడవాళ్లెవరైనా ఉన్నారా?