ఏడు ఒకట్లు

ఒక సంఖ్యను ఏళ్ళ తరబడి గుండెలో మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

చిన్నప్పుడు ఒంట్లో బాగుండక నన్ను బడికి పంపలేదు. నాన్నే చదువు చెప్పారు. వన్ టౌన్‌లో మా చీరల కొట్టు మూసి పటమట ఇంటికి వచ్చాక, దేవుడి దగ్గర దీపం పెట్టి, చీరల మడతల్లో వచ్చే అట్టల మీద లెక్కలు చేయించేవారు. అలాంటి గురువు దొరకడం స్వామి దయ. ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.

నాన్నకి ఒక సంఖ్య మీద మమకారం. వరసగా ఏడు ఒకట్లు. పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. "ఏడు కొండలూ ఎక్కాక కనిపించేది స్వామి ఒక్కడే, చూశావా తల్లీ!" అని మురిసిపోయారు. అది ప్రధాన సంఖ్య అని, తనతోనూ ఒకటితోనూ తప్ప దేనితోనూ పూర్తిగా పోదని ఆయన నమ్మకం. ఫోనులో చూసేయొచ్చు. కానీ చేత్తో చేయడమే ఆయనకి పూజ. దాని వర్గమూలం వెయ్యీ యాభై నాలుగు; అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే తేలిపోతుంది. ఒకటితో, మూడుతో ముగిసేవి ఆయనవి; ఏడుతో, తొమ్మిదితో ముగిసేవి నావి.

"తండ్రీకూతుళ్ళకి రాత్రికి ఆ ఒకట్లే వడ్డించనా?" అని అమ్మ వంటింట్లోంచి వేళాకోళం చేసేది.

ఒక సాయంత్రం, మర్నాడు పెళ్ళికి కట్టుకోవాల్సిన చీర కొంగుకి కుచ్చులు వేసుకోవాలన్న తొందరలో, నా వంతు సంఖ్యల్లో కొన్నిటిని ముట్టుకోనేలేదు.

"దేనితోనైనా పోయిందామ్మా?"

"దేనితోనూ పోలేదు నాన్నా."

"అన్నీ చూశావుగా?"

"చూశాను."

ఆయన మళ్ళీ సరిచూడలేదు. నా మాట చాలు ఆయనకి.

పని పూర్తయిన రోజు చక్కెర పొంగలి చేయించారు. కొట్టుకొచ్చిన వాళ్ళకి చీర విప్పకముందే ఆ సంఖ్య గురించి చెప్పేవారు. వింటుంటే నాకు లోపల గుచ్చుకునేది. ఒకరోజు ఒంటరిగా కూర్చుని, వదిలేసినవి చేశాను. రెండు వందల ముప్పై తొమ్మిది దగ్గర అడుగున సున్నా వచ్చింది. మళ్ళీ చేశాను. సున్నాయే.

చెప్పలేదు. స్వామి సంఖ్య అని నమ్ముకున్నారు, ఆ నమ్మకం ఎలా విరిచేది అని సర్ది చెప్పుకున్నాను. అదేనా కారణం? నా అబద్ధం బయటపడుతుందన్న భయం కాదూ? ఆఖరి రోజుల్లో మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "మనిద్దరం కలిసి చేసిన పని తల్లీ అది" అన్నారు. తల ఊపాను.

నిజం చెబితే బాధపడేవారనుకున్నాను. నాన్న సంగతి నాకు తెలియదా? భాగించగా వచ్చిన నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిది కూడా ప్రధాన సంఖ్యే. ఏడు ఒకట్ల వెనక అలాంటివి రెండు జతగా దాక్కున్నాయని తెలిస్తే, చేతిలో చీర వదిలేసి బజారంతా చెప్పి వచ్చేవారు. ఆ సంతోషం ఆయనకి దక్కనివ్వలేదు నేను.

క్షమించమని అడగడానికి ఆయన లేరు. మిమ్మల్ని అడగను. రెండు వందల ముప్పై తొమ్మిదితో ఆ సంఖ్య పోతుంది. ఆ రోజు నేను భాగించలేదు. భాగించానని నాన్నతో అబద్ధమాడాను. ఇంతే. రాశాక, మనసు కాస్త తేలికపడింది.