ఆదివారం మాత్రమే పెట్టుకునే వాచీ

ఏళ్ళుగా యానాంలో అందరూ నన్ను మంచిదంటున్నారు. ఆ మాట మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా తమ్ముణ్ణి నేనే పెంచాను. జోజి వాడి స్నేహితుడు, ఫరంపేట కుర్రాడు. ఒక సాయంత్రం మందు తాగి బండి నడిపాడు. వెనక కూర్చున్న మా తమ్ముడు పోయాడు. జోజికి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే.

సమాధి దగ్గర జోజి నా కాళ్ళ మీద పడ్డాడు. అందరూ చూస్తుండగా లేవదీసి, క్షమించానన్నాను. "నేనైతే చెప్పు తీసేదాన్నమ్మా," అంది పక్కింటావిడ ఏడుస్తూ. ఆ తర్వాత శత్రువును ప్రేమించడం గురించి ప్రసంగించినప్పుడల్లా ఫాదర్ గారు నావైపు చూసేవారు.

నేను క్షమించలేదు. అతన్ని కొట్టడానికి ఆ మాట కంటే గట్టిది నాకు దొరకలేదు.

మా చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చుంటాం. పూజ మధ్యలో ఒకరికొకరు చేతులు జోడించి సమాధానం, అంటే శాంతి కలగాలని, చెప్పుకుంటాం. ఆ క్షణం కోసం వారమంతా కాచుకునేదాన్ని. జోజి ఏ వరుసలో ఉంటే దానికి ఎదురుగా కూర్చునేదాన్ని. అతను గోడవైపు జరిగితే నేనే దాటి వెళ్ళి, నవ్వుతూ చేతులు జోడించేదాన్ని. నా చేతికి మా తమ్ముడి వాచీ ఉండేది. ఆ ప్రమాదంలో అద్దం పగిలిన వాచీ. మిగతా రోజుల్లో అది బీరువాలోనే ఉంటుంది. అతను దాన్ని చూసేవాడు. అతను చూడటాన్ని నేను చూసేదాన్ని. పూజలో ఫాదర్ గారిచ్చే సత్ప్రసాదం కంటే అదే నా ఆకలి తీర్చిందని రాయడానికి భయంగా ఉంది, కానీ అది నిజం.

ఒకరోజు పూజ అయ్యాక మెట్ల దగ్గర ఆగాడు.

"అక్కా, నన్ను తిట్టండి. కొట్టండి. పడతానండి."

"ఎందుకు తిడతాను బాబూ? క్షమించాను కదా."

"అలా క్షమించొద్దండి. ఊపిరాడట్లేదండి నాకు."

మా తమ్ముడు పిలిచినట్టే అక్కా అన్నాడు. ఆ మాటకు ఇంకా కసి రేగింది. మళ్ళీ నవ్వాను.

అతను రావడం మానేశాడు. గెలిచాననుకున్నాను. ఫాదర్ గారి ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో కోపం, అసూయ, చిన్నచిన్నవన్నీ చెప్పాను. ఇది చెప్పలేదు. చెబితే మానాలి. మానాలని నాకుందా? అంతా తమ్ముడి కోసమేనని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో, కానీ వాడే బతికుంటే, నన్ను కాదని వెళ్ళి జోజి పక్కన కూర్చునేవాడు.

ఇప్పుడు పూజ జరుగుతున్నంతసేపూ జోజి గేటు బయట నిలబడుతున్నాడు. "మీరు పిలిస్తే వస్తాడమ్మా," అన్నారు ఫాదర్ గారు. పిలిచాననీ, రానన్నాడనీ అబద్ధం చెప్పాను.

మీకు చెప్పాక గుండె కొంచెం తేలికపడింది. నేను మాత్రం మారలేదు. ఈ ఆదివారం గేటు దాకా వెళతాను. అతన్ని లోపలికి పిలుస్తాను. వాచీ పెట్టుకోకుండా వెళతానని మాత్రం మాటివ్వలేను.